ఇనుప గార్డు ఎవరికి రక్షణ?

వాహనం ముఖభాగంలో రేడియేటర్ జాలీకీ హెడ్‌లైట్లకూ ముందు నిలిచేలా, చాసిస్‌కు బోల్టులతో బిగించే లోహపు గొట్టాల చట్రమే గ్రిల్ గార్డు. అమెరికాలో పికప్ ట్రక్కులకు ఈ పేరుతోనే అమ్ముతారు. ఆస్ట్రేలియాలో అది బుల్ బార్. తెలుగు రాష్ట్రాల కార్ డెకార్ షాపుల్లోనూ ఆటోనగర్ షెడ్లలోనూ బంపర్ గార్డు, క్రాష్ గార్డు, లేదా ఉత్తినే ముందు గార్డు. ఎదురుగా ఉన్నది బండికి తగలబోయే క్షణంలో ఆ దెబ్బను ముందుగా తాను తీసుకోవడం దాని పని. ఆ పని అది నిజంగానే చేస్తుంది. తీసుకున్న దెబ్బను ఆ తర్వాత ఎటు పంపుతుందన్న చోటే లాభనష్టాల లెక్క మొదలవుతుంది.

వీటిలో రకాలున్నాయి. బంపర్ మధ్యలో నిలిచే యూ ఆకారపు గొట్టం అన్నింటికంటే చిన్నది. దాని బరువు పది పదిహేను కిలోలకు మించదు, పార్కింగ్‌లో తగిలే చిన్న దెబ్బల వరకే అది తట్టుకుంటుంది. రెండోది అసలు గ్రిల్ గార్డు. మధ్యలో నిలువు పట్టీలు, రెండు పక్కలా హెడ్‌లైట్లను చుట్టే గొట్టాలతో బండి వెడల్పంతా ఆక్రమిస్తుంది. మూడోది బరువైన రకం. కంపెనీ ఇచ్చిన బంపర్‌ను పూర్తిగా విప్పేసి దాని స్థానంలో మందపాటి ఉక్కు బంపర్‌ను గార్డుతో సహా బిగిస్తారు. పెద్ద పికప్‌ల మీద ఇది వంద కిలోలు కూడా దాటుతుంది. ఉక్కు కాకుండా అల్యూమినియంతో చేసినవి, ఆస్ట్రేలియాలో పాలిథిలిన్‌తో పోతపోసినవి కూడా దొరుకుతాయి. ఈ చివరిరకం దెబ్బ తగిలితే వంగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. మన దగ్గర అమ్ముడుపోయేది మాత్రం చాలావరకు ఇనుప గొట్టమే, లేదా మెరుపు కోసం స్టెయిన్‌లెస్ స్టీలు.

కంగారూల దారిలో పుట్టిన అవసరం

బండి ముందు ఇనుప అడ్డు పెట్టాలన్న ఆలోచన మోటారు కార్ల కంటే పాతది. 1830లలో అమెరికా రైలుమార్గాలకు కంచెలు లేవు. పట్టాల మీదికి వచ్చిన పశువులను తగిలి ఇంజన్లు పట్టాలు తప్పేవి. న్యూజెర్సీలోని కామ్‌డెన్ అండ్ ఆంబోయ్ రైల్వేలో ఐజాక్ డ్రిప్స్ అనే ఇంజినీరు ‘జాన్ బుల్’ ఇంజన్ ముందు అదనపు భాగాన్ని జోడించి, పశువును పక్కకు తోసే ఏర్పాటు చేశాడు. అదే తర్వాత కౌక్యాచర్‌గా స్థిరపడింది. రైలు పక్కకు తప్పుకోలేదు, చప్పున ఆగలేదు. కాబట్టి అక్కడ ఆ ఏర్పాటు తప్పనిసరి.

రోడ్డు మీద ఆ అవసరం నిజంగా కనిపించేది ఆస్ట్రేలియా లోపలి భూముల్లో. డార్విన్ నుంచి పోర్ట్ అగస్టా దాకా వెళ్లే స్టువర్ట్ హైవే దాదాపు 2,800 కిలోమీటర్ల పొడవు. దారిలో పెట్రోలు, తిండి, మెకానిక్ దొరికే రోడ్‌హౌస్‌ల మధ్య దూరం చాలాచోట్ల 100 కిలోమీటర్లు దాటుతుంది. కొన్నిచోట్ల 200 కూడా దాటుతుంది. పొద్దు వాలే వేళా, తెల్లవారే ముందూ కంగారూలు మేతకు రోడ్డు పక్కకు వస్తాయి. లైటు వెలుగు పడగానే ఎటు గెంతుతాయో వాటికే తెలియదు. ఎదిగిన మగ కంగారూ 80 కిలోల పైన కూడా ఉండొచ్చు. అది తగిలితే రేడియేటర్ చిల్లుపడి, నీళ్లు కారిపోయి, కొద్దిసేపట్లో ఇంజన్ వేడెక్కి నిలిచిపోతుంది. ఫోన్ సిగ్నల్ లేని చోట, నలభై డిగ్రీలు దాటే ఎండలో బండి ఆగిపోవడం ప్రాణాల మీదికి తెచ్చే విషయం. అక్కడి బుల్ బార్ కాపాడేది రేడియేటర్‌నే, రేడియేటర్ ద్వారా మనిషిని. నార్తర్న్ టెరిటరీలో 53.5 మీటర్ల పొడవు దాకా అనుమతించే రోడ్ ట్రెయిన్ లారీలకు ఆ అవసరం ఇంకా ఎక్కువ. ఒక్క కంగారూ కోసం అంత బరువును అకస్మాత్తుగా ఆపబోయినా, పక్కకు తిప్పబోయినా మొత్తం బండే బోల్తాపడొచ్చు.

అమెరికాలో కంగారూ స్థానంలో తెల్లతోక జింక ఉంది. అక్కడి బీమా సంస్థల అంచనాల ప్రకారం ఏటా పది లక్షలకు పైగా జింకలు వాహనాలకు తగులుతున్నాయి. జతకట్టే కాలం కావడంతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ముఖ్యంగా నవంబరులో ఇవి ఎక్కువ. టెక్సస్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు కూడా ఆ నెలల్లో ఊరి బయటి రోడ్ల మీద రాత్రి డ్రైవింగంటే ఉండే భయం ఇదే. జంతువులను ఢీకొన్న ప్రమాదాల్లో ఆ దేశంలో ఏటా చనిపోయేవారు సుమారు 200 మంది, వారిలో గణనీయమైన వాటా మోటార్‌సైకిలిస్టులది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. పది లక్షల ఢీలు, రెండు వందల మరణాలు. అంటే పికప్ ట్రక్కులో కూర్చున్నవారికి జింక వల్ల కలిగే నష్టం ప్రధానంగా డబ్బు నష్టం. ఈనాటి పికప్‌లో ఒక్క ఎల్ఈడీ హెడ్‌లైట్ మార్పించాలంటేనే వెయ్యి డాలర్లు దాటొచ్చు. దానికి బంపర్, గ్రిల్, రేడియేటర్, కండెన్సర్ కలిస్తే గార్డు ఖరీదు ఒక్క దెబ్బలోనే తిరిగి వస్తుంది. పొదలు, ముళ్లకంపల మధ్య నడిపే పశుక్షేత్రాల యజమానులకు, విద్యుత్ లైన్ల పక్కన తిరిగే సిబ్బందికి గార్డు రోజూ పనికొచ్చే పరికరం. బురదలో దిగబడ్డ బండిని లాగే విన్చ్‌ను, అదనపు లైట్లను అమర్చడానికి కూడా అది గట్టి ఆధారం. ఈ ప్రయోజనాలేవీ కల్పితాలు కావు.

బరువు లెక్క

గార్డు ఎక్కడ మేలు చేస్తుందో, ఎక్కడ కీడు చేస్తుందో తేల్చేది ఒక సాధారణ భౌతిక సూత్రం. రెండు వస్తువులు ఢీకొన్నప్పుడు తేలికైనదాని వేగం ఎక్కువగా మారుతుంది, బరువైనదాని వేగం తక్కువగా మారుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న 2,000 కిలోల బండి 70 కిలోల జింకకు తగిలితే బండి వేగం 3 కిలోమీటర్ల లోపే తగ్గుతుంది. లోపలివారికి అది కుదుపు మాత్రమే. అలాంటి ఢీలో బండి ముందు భాగం నలిగి లోపలివారిని కాపాడాల్సిన పనేమీ లేదు. కాబట్టి గట్టి గార్డు పెట్టి ముఖభాగాన్ని దక్కించుకోవడం తెలివైన పనే.

అదే బండి 500 కిలోల గేదెకు తగిలితే? వేగం ఒక్కసారిగా 16 కిలోమీటర్లు పడిపోతుంది. పైగా గేదె శరీరం సన్నని కాళ్ల మీద ఎత్తుగా ఉంటుంది. తక్కువ ఎత్తు కారు దాని కాళ్లను తన్నేస్తే మిగిలిన బరువంతా బానెట్ మీదుగా వచ్చి ముందు అద్దం మీద పడుతుంది. బంపర్ ఎత్తులో ఆగిపోయే గార్డు దానినేమీ ఆపలేదు. ఆస్ట్రేలియాలో ఒంటె, స్వీడన్‌లో మూస్ అనే భారీ జింక ఎదురైనప్పుడు వచ్చే చిక్కూ ఇదే. గార్డు పూర్తిగా పనికొచ్చేది బంపర్ ఎత్తులోనే బరువంతా ఉండే, బండి కంటే చాలా తేలికైన జంతువుల విషయంలో.

ఇప్పుడు జింక స్థానంలో 60 కిలోల మనిషిని పెడితే లెక్క మారదు. బండి వేగం రెండు మూడు కిలోమీటర్లు తగ్గుతుంది. ఆ మనిషి మాత్రం క్షణంలో వెయ్యోవంతుల్లో నిశ్చల స్థితి నుంచి బండి వేగానికి చేరతాడు, అదీ ఇనుప గొట్టం తాకిన ఎముక దగ్గర మొదలై. కంగారూకూ మనిషికీ బరువులో పెద్ద తేడా లేదు. వారిద్దరిలో ఎవరు వస్తున్నారో గార్డుకు తెలియదు. మనుషులు లేని రోడ్డు మీద పుట్టిన పరికరాన్ని మనుషులతో నిండిన రోడ్డు మీదికి తెచ్చినప్పుడు మారిపోయేది ఈ ఒక్క విషయమే, అన్నింటికంటే ముఖ్యమైనది కూడా ఇదే.

నలగాల్సింది నలగకపోతే

బరువైన వస్తువును ఢీకొన్నప్పుడు, అంటే లారీనో చెట్టునో వంతెన గోడనో తగిలినప్పుడు, లోపలివారిని కాపాడేది ముందు భాగపు గట్టిదనం కాదు, అది నలిగే తీరు. బండి ముందూ వెనుకా నలిగే భాగాలు, మధ్యలో చెక్కుచెదరని గది ఉండాలన్న ఆలోచనకు మెర్సిడెస్ ఇంజినీరు బేలా బారెన్యి 1950ల తొలినాళ్లలో పేటెంటు పొందాడు. 1959లో ఆ కంపెనీ కారులో అది అమలైంది. గడ్డివాము మీద దూకడానికీ బండరాయి మీద దూకడానికీ ఎంత తేడా ఉందో, నలిగే ముఖభాగానికీ నలగనిదానికీ అంతే.

అంకెల్లో చూస్తే, మన దేశంలో కార్లకు తప్పనిసరి చేసిన ముందు ఢీ పరీక్ష గంటకు 56 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. ఆ వేగంతో వచ్చిన కారు 60 సెంటీమీటర్ల మేర నలుగుతూ ఆగితే లోపలివారి మీద సగటున భూమ్యాకర్షణకు 20 రెట్ల ఒత్తిడి పడుతుంది. 60 కిలోల మనిషిని సీటు బెల్టు 1,200 కిలోల బలంతో పట్టి ఆపాలి. నలిగే దూరం 30 సెంటీమీటర్లకు తగ్గితే ఆ బలం 2,400 కిలోలు అవుతుంది. పక్కటెముకలు విరగడానికీ, విరగకపోవడానికీ మధ్య గీత ఇక్కడే ఎక్కడో ఉంటుంది. గార్డు బిగించిన ప్రతి బండిలోనూ నలిగే దూరం సగమైపోతుందని కాదు. బ్రాకెట్లు ఎక్కడ బిగించారు, గొట్టం ఎంత మందం, దెబ్బ ఏ కోణంలో తగిలింది అన్నవి ఫలితాన్ని మారుస్తాయి. కానీ కంపెనీ ఇంజినీర్లు ఏ పట్టీ ముందు వంగాలో, ఏది తర్వాత ముడుచుకోవాలో వరుస పెట్టి తయారుచేసిన ముఖభాగానికి, ఆ వరుస తెలియని షెడ్డులో వెల్డింగ్ చేసిన ఇనుమును నేరుగా చాసిస్ కొమ్ములకు తగిలించడం అంటే ఆ లెక్కనంతా చెరిపేయడమే.

నలిగే ముఖాన్ని బలహీనతగా చూసే అలవాటు మనలో బలంగా ఉంది. 2022 అక్టోబరు 6న అహ్మదాబాద్ దగ్గర ముంబై–గాంధీనగర్ వందే భారత్ రైలు గేదెల మందను తాకి ముక్కు పగిలినప్పుడు చాలామంది నవ్వారు. ఆ ముక్కు ఫైబర్‌తో చేసిన తొడుగు. దెబ్బ తీసుకుని పగిలిపోవడానికీ, తిరిగి వేగంగా మార్చేయడానికీ వీలుగా చేసినదే. రైలు ఎనిమిది పది నిమిషాల్లో కదిలింది, ముక్కును మార్చి మళ్లీ నడిపారు. కారు బంపర్ మీది ప్లాస్టిక్ తొడుగు, దాని వెనుక ఉండే ఫోమ్, పలుచని లోహపు దూలం కూడా అదే ఆలోచనతో అమరినవి.

ఎయిర్‌బ్యాగ్ విషయం ఇంకా సున్నితం. ముందు భాగంలోని సెన్సర్లు, బండి మధ్యలోని కంట్రోల్ యూనిట్ కలిసి, వేగం ఎంత చురుగ్గా పడిపోతోందో కొలిచి, ఢీ మొదలైన 15 నుంచి 30 మిల్లీసెకన్లలో బ్యాగ్ తెరవాలా వద్దా నిర్ణయించుకుంటాయి. ఆ నిర్ణయానికి ఆధారం కంపెనీ తన బండిని గార్డు లేకుండా ఢీకొట్టి చూసిన పరీక్షలు. గట్టి గార్డు చిన్న దెబ్బను కూడా చాసిస్‌కు పదునుగా అందిస్తే బ్యాగ్ అనవసరంగా తెరుచుకోవచ్చు. నాసిరకం గార్డు ముందుగా మెత్తగా వంగుతూ పోతే బ్యాగ్ ఆలస్యంగా తెరుచుకోవచ్చు. ఈలోగా తల ముందుకు వచ్చేసి ఉంటుంది. దాదాపు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో విచ్చుకునే బ్యాగ్ ఆ తలను తాకడం చాలా ప్రమాదకరం. ఫలానా బండికి ఎయిర్‌బ్యాగ్‌తో సరిపోయేలా పరీక్షించి అమ్మే గార్డులు ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ఉన్నాయి, వాటి బ్రాకెట్లు కూడా నిర్ణీత బలం దగ్గర ముడుచుకునేలా చేస్తారు. అన్ని బండ్లకూ ఒకే కొలతతో అమ్మే గొట్టానికి అలాంటి పరీక్ష ఏదీ ఉండదు. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. కొనేటప్పుడు ఎయిర్‌బ్యాగుల సంఖ్య అడిగి, కొన్నాక వాటి పనికి అడ్డుపడే ఇనుము బిగించుకోవడం విచారకరం.

బండికి బయట ఉన్నవారు

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు, 19.5 శాతం పాదచారులు. అంటే ప్రతి వంద మందిలో 64 మంది చుట్టూ ఏ ఇనుమూ లేనివారే. గార్డు గురించిన ఏ చర్చ అయినా ఈ సంఖ్య దగ్గర ఆగి ఆలోచించాలి.

కారు పాదచారిని తాకినప్పుడు మొదట బంపర్ కాలిని, తర్వాత బానెట్ అంచు తుంటిని, చివరకు బానెట్ పైభాగం తలను తాకుతాయి. ఈ మూడు చోట్లా దెబ్బ మెత్తబడేలా బంపర్‌లో ఫోమ్, బానెట్ రేకు కింద కొంత ఖాళీ ఉంచి బండిని రూపొందిస్తారు. మన దేశంలో పాదచారుల రక్షణ ప్రమాణం ఏఐఎస్–100, 2018 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకు, 2020 అక్టోబరు నుంచి మిగిలిన కొత్త కార్లకూ నిర్ణీత బరువు పరిధిలో వర్తించింది. ఆ ఫోమ్‌కు ముందు ఒక ఇనుప గొట్టం బిగిస్తే ప్రమాణం కాగితం మీదే మిగులుతుంది. గొట్టం వెడల్పు అయిదారు సెంటీమీటర్లే కాబట్టి విశాలమైన బంపర్ మీద పరుచుకోవాల్సిన బలమంతా ఎముకలో ఒక్కచోటే దిగుతుంది. పెద్దవారికి మోకాలికో తొడకో తగిలే పై గొట్టం అయిదారేళ్ల పిల్లలకు తల ఎత్తులో ఉంటుంది. బండి ఎత్తు పెరిగేకొద్దీ, ముఖం నిటారుగా ఉండేకొద్దీ పాదచారులకు ముప్పు పెరుగుతుందని అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే హైవే భద్రతా పరిశోధన సంస్థ ఐఐహెచ్ఎస్ 2023లో తేల్చింది. బానెట్ 40 అంగుళాల కంటే ఎత్తున్న వాహనాలు తగిలితే, 30 అంగుళాల లోపు ఎత్తు, వాలు ముఖం ఉన్న కార్లతో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువని దాని అధ్యయనం చెబుతోంది. అది మామూలు ముఖభాగాల సంగతి. గార్డు ఆ ముఖాన్ని మరింత నిటారుగా, మరింత గట్టిగా చేస్తుంది.

ద్విచక్ర వాహనం విషయంలో ఇంకో చిక్కు ఉంది. నున్నని బంపర్ స్కూటర్‌ను ఒరుసుకుని జారిపోయే చోట, గార్డు గొట్టాల సందులో హ్యాండిల్, ఫుట్‌రెస్ట్, ఒక్కోసారి చీరకొంగు చిక్కుకుంటాయి. తోసేసి వదలాల్సిన బండి ఈడ్చుకుపోతుంది.

కారులో కూర్చున్న ఎదుటివారూ క్షేమం కాదు. కూడలిలో గార్డు ఉన్న బండి మరో కారును పక్క నుంచి ఢీకొంటే, దెబ్బ తలుపు కింది గట్టి దూలానికి కాకుండా దాని పైన ఉండే పలుచని తలుపు రేకుకు తగులుతుంది. అటు కూర్చున్నవారికీ ఆ రేకుకూ మధ్య ఉన్నది జానెడు దూరం.

రోజువారీ ఖర్చులు

ప్రమాదమే జరగకపోయినా గార్డుకు కొంత ధర ఉంటుంది. ముందు చక్రాల ఇరుసుకు 90 సెంటీమీటర్ల ముందు 60 కిలోల గార్డు వేలాడదీస్తే, మూడు మీటర్ల వీల్‌బేస్ ఉన్న బండిలో ముందు ఇరుసు మీద పెరిగే భారం 60 కాదు, 78 కిలోలు. వెనుక ఇరుసు 18 కిలోలు తేలికవుతుంది. ముందు స్ప్రింగులు కుంగుతాయి, హెడ్‌లైట్ల వెలుగు కొంచెం కిందికి దిగుతుంది, టైర్లు, బుష్‌లు త్వరగా అరుగుతాయి, మైలేజీ కొంత తగ్గుతుంది. అందుకే ఆస్ట్రేలియాలో బరువైన బుల్ బార్ బిగించేవారు ముందు సస్పెన్షన్‌ను కూడా మార్పిస్తారు. మన షెడ్లలో ఆ మాట ఎత్తేవారు అరుదు.

హెడ్‌లైట్ల ముందు గొట్టాలు రోడ్డు మీద నీడలు వేస్తాయి. రేడియేటర్‌కు గాలి కొంత అడ్డుపడుతుంది, ఘాట్ రోడ్డులో పూర్తి లోడుతో ఎక్కేటప్పుడు ఆ తేడా టెంపరేచర్ ముల్లులో కనిపిస్తుంది. కొత్త బండ్లలో గ్రిల్ వెనుకనో బంపర్‌లోనో రాడార్ ఉంటుంది. ముందున్న బండిని గమనించి తనంతట తానే బ్రేకు వేసే వ్యవస్థ దాని మీద ఆధారపడుతుంది. దాని ముందు లోహం నిలబెడితే లేని అడ్డు ఉన్నట్టో, ఉన్న అడ్డు లేనట్టో అది పొరపడొచ్చు. 2029 సెప్టెంబరు నాటికి కొత్త కార్లు, పికప్‌లన్నింటిలో ఆటోమేటిక్ బ్రేకింగ్ ఉండాలని అమెరికా 2024లో నిబంధన చేసింది. అక్కడి గార్డు తయారీదారులు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రమాదాన్ని జరగకుండా ఆపే పరికరాన్ని, జరిగాక రేకును కాపాడే పరికరం అడ్డుకోవడం ఎంతమాత్రం లాభసాటి బేరం కాదు.

గార్డు మీద ఎక్కువమంది పెట్టుకునే ఆశ చిన్న గీతల గురించి. ట్రాఫిక్‌లో ఆటో ఒరుసుకుంటుంది, పార్కింగ్‌లో ఎవరో రివర్స్ చేస్తూ తగిలిస్తారు. నడక వేగంతో తగిలే ఈ దెబ్బల నుంచి గార్డు బంపర్‌ను, ఫాగ్ లైట్లను దక్కిస్తుందన్నది నిజం. దెబ్బ కొంచెం గట్టిదైతే కథ తిరగబడుతుంది. కింద రెండు బోల్టుల మీద నిలబడ్డ గార్డు వెనక్కి వాలి బానెట్‌ను, గ్రిల్‌ను తానే నొక్కుతుంది, లేదా బ్రాకెట్ బిగించిన చాసిస్ కొమ్ము వంగుతుంది. ప్లాస్టిక్ బంపర్ మార్పిడితో పోయేది చాసిస్ అలైన్‌మెంట్ దాకా వెళ్తుంది.

చట్టం ఏమంటోంది

ఒక్కో దేశం ఈ పరికరాన్ని ఒక్కోలా అదుపు చేసింది. యూరప్ సమాఖ్య 2005లో ముందు గార్డులకు విడిగా నియమావళి తెచ్చింది. పిల్లల తలను, పెద్దల కాలిని పోలిన నమూనాలతో చేసే ఢీ పరీక్షల్లో నెగ్గితేనే అమ్మాలి. 2009లో దీన్ని పాదచారుల భద్రతా నిబంధనలో కలిపేశారు. దాంతో అక్కడ కరకు ఇనుప గార్డులు కొత్త బండ్ల మీద దాదాపు కనుమరుగయ్యాయి. ఆస్ట్రేలియా నిషేధించలేదు, ఆకారాన్ని కట్టడి చేసింది. 2002లో వచ్చిన ప్రమాణం ప్రకారం గార్డు బండి ముఖపు వంపును అనుసరించాలి, ముందుకు వాలకూడదు, అంచులు గుండ్రంగా ఉండాలి. గాలాలు నిలబెట్టే గొట్టాల వంటివి దానికి తగిలించకూడదు. అమెరికాలో గార్డుకంటూ ప్రత్యేక సమాఖ్య ప్రమాణం లేదు. ఏటా ఏడు వేలకు పైగా పాదచారులు చనిపోతున్న దేశం ఈ విషయంలో యూరప్ నుంచి నేర్చుకోవాల్సింది ఉంది.

భారతదేశంలో 2017 డిసెంబరు 7న కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. వాహనాలకు క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని, అవి పాదచారులకూ లోపలివారికీ ప్రమాదకరమని, చర్యలు తీసుకోవాలని కోరింది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదన్నదే ఆ సెక్షన్ సారాంశం. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ దగ్గర వివాదానికి దారితీస్తుంది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా గార్డులు పోలేదు. ఊళ్లలో జీపులకు, నాయకుల వెంట నడిచే బండ్లకు, పట్టణాల్లో పెద్ద కార్లకు అవి హోదా గుర్తుగా నిలిచాయి. రోడ్డు మీద పట్టుకుని జరిమానా వేస్తే సరిపోదు. అమ్మే షాపు దగ్గర, బిగించే షెడ్డు దగ్గర, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే చోట ఆపాలి.

లారీల సంగతి

లారీల లెక్క కొంత వేరు. మూడు ఇరుసుల లారీ లోడుతో 28.5 టన్నుల దాకా ఉంటుంది. 60 కిలోమీటర్ల వేగంలో గేదె తగిలినా దాని వేగం ఒక్క కిలోమీటరే తగ్గుతుంది. మన లారీలకు ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ ఉండదు, డ్రైవర్ రేకు వెనుకే కూర్చుంటాడు. మార్కెట్ యార్డుల్లో, క్వారీల్లో, ఇరుకు సందుల్లో రోజూ తిరిగే బండికి హెడ్‌లైట్, రేడియేటర్ పోతే ఒక ట్రిప్పు పోయినట్టే, కిస్తీ కట్టాల్సిన చిన్న యజమానికి అది చిన్న నష్టం కాదు. ఆ బాధను అర్థం చేసుకోవాలి. కానీ అంత బరువు ముందు తక్కినవన్నీ తేలికైన వస్తువులే, కారుతో సహా. అందుకే యూరప్ లారీ ముందు భాగపు ఇనుమును ఎదుటివారి కోసం వాడింది. కారు లారీ కిందికి దూరిపోకుండా ఆపే అడుగు దూలాన్ని 2003 నుంచి కొత్త బరువు లారీలకు తప్పనిసరి చేసింది. లారీ ముఖాన ఇనుము ఉండాలంటే అది అలాంటిదై ఉండాలి.

గార్డు లేకుండా పశువుల నుంచి ఎలా?

తెలుగు నేలలో ఈ ప్రశ్న న్యాయమైనది. రాత్రి రోడ్డు మీద పడుకునే ఆవులు, తెల్లవారుజామున మేతకు కదిలే గేదెల మందలు, అడవి అంచుల్లో పందులు నిజమైన ప్రమాదాలు. వీటికి జవాబు వేగంలో ఉంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, డ్రైవర్ తేరుకునే ఒకటిన్నర సెకన్లు కలుపుకుంటే, మంచి బ్రేకులున్న కారు ఆగడానికి సుమారు 97 మీటర్లు పడుతుంది. 80 వేగంలో అది 69 మీటర్లు, 60 వేగంలో 45 మీటర్లు. లో బీమ్ వెలుగు సాధారణంగా 60 మీటర్లు దాటి స్పష్టంగా చూపదు. చీకటి పల్లె రోడ్డు మీద 60 వేగంతో వెళ్లేవారికి గేదె కనిపించాక ఆగే చోటు ఉంటుంది, 100 వేగంతో వెళ్లేవారికి ఉండదు. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే హైదరాబాద్–శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసివేయడం వెనుక ఉన్నదీ ఈ తర్కమే. ఇనుము జోడించడం కంటే ఢీకి అవకాశం తీసేయడం మేలు.

జంతువు హఠాత్తుగా అడ్డొస్తే బ్రేకు గట్టిగా నొక్కి తిన్నగా వెళ్లడం, స్టీరింగ్‌ను విసురుగా తిప్పకపోవడం భద్రతా నిపుణులంతా చెప్పే మాట. తిప్పినవారు చెట్టునో ఎదురొచ్చే లారీనో తాకుతారు, అవి జంతువు కంటే ఎన్నో రెట్లు బరువైనవి. సరిగ్గా సర్దిన హెడ్‌లైట్లు, అరగని టైర్లు, పనిచేసే ఏబీఎస్, గ్రిల్ వెనుక రాళ్లూ పురుగులూ ఆపే పలుచని జాలీ, ఇంజన్ కింద రక్షణ పలక, తరుగుదల కోయని బీమా పాలసీ కలిస్తే గార్డు ఇస్తానన్న మేలులో ఎక్కువ భాగం అందుతుంది, ఎవరికీ హాని లేకుండా.

నిర్మానుష్యమైన ఎడారి దారుల్లో, పరీక్షించిన గార్డుకు చోటుంది. మనుషులు, స్కూటర్లు, బడిపిల్లలు పంచుకునే మన రోడ్ల మీద కారుకూ జీపుకూ దానికి చోటు లేదు. ఇప్పటికే బిగించినవారు విప్పించాలి. విప్పించేటప్పుడు గార్డుతో పాటు దాని బ్రాకెట్లను కూడా తీయించాలి, బంపర్ లోపల మిగిలిన మొండి బ్రాకెట్ కూడా ప్రమాదకరమే. ఆ తర్వాత బంపర్ క్లిప్పులు, ముందు సెన్సర్లు, హెడ్‌లైట్ల ఎత్తు సక్రమంగా ఉన్నాయో లేదో సర్వీస్ సెంటర్‌లో ఒకసారి చూపించుకోవాలి.